ఆటకు వెల కట్టవచ్చునా?

"ఆట కూడు పెట్టునా?" అను ప్రశ్న తొండేభావిలోను, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోను మన తెలుగు ఇండ్లకు క్రొత్తది కాదు. ప్రొద్దుగూకిన పిమ్మట మైదానమునుండి ఇల్లు చేరు పిల్లవానికి పెద్దలు వేయు మొదటి ప్రశ్న అదియే. చిత్రమేమనగా, ఆ పిల్లవాడే పెరిగి ఆటవలన నాలుగు రూకలు సంపాదించినచో, "వీడు ఆటను అమ్ముకొనుచున్నాడు" అని ఈసడించువారును మనలోనే కలరు. ఈ సందేహమును విచారించుటకు ఒక అమెరికా బీమా వ్యాపారి చరితము మాకు తగినదిగా తోచినది.

ఆయన పేరు జార్జి మెక్కాల్. 1965 నుండి 1967 వరకు అమెరికా డేవిస్ కప్పు టెన్నిసు జట్టునకు నాయకుడు. ఆ మూడేండ్లును ఆయనకు కలిసిరాలేదు. బార్సిలోనాలో స్పెయిను, పోర్టో అలెగ్రిలో బ్రెజిల్, గుయాకిల్‌లో ఈక్వడార్ వరుసగా అమెరికాను ఓడించెను. ఆనాడు ఆ కప్పునకు వేతనము పుచ్చుకొనని ఆటగాండ్రే అర్హులు. 1962లో నాలుగు మహా పోటీలను ఒకే ఏట గెలిచిన రాడ్ లేవర్ వంటివాడు సైతము, వృత్తి ఆటగాడైనంతనే, 1963 నుండి అయిదేండ్లు వింబుల్డన్ పోటీలకు దూరమైపోయెను.

నియమము వినుటకు పవిత్రముగనే యున్నది. కాని వేతనము లేదన్న ఆటగాండ్రలో పలువురికి ఖర్చుల పేరిట చాటుగా సొమ్ము ముట్టుచుండెడిది. ఆ సంగతి ఇచ్చువారెరుగుదురు, పుచ్చుకొనువారెరుగుదురు. తాతలార్జించిన ఆస్తి గలవానికి ఆ నియమము అలంకారము. లేనివానికి అది అబద్ధము నేర్పు బడి.

1967లో మెక్కాల్ నేషనల్ టెన్నిస్ లీగును స్థాపించెను. లేవర్, రోజ్‌వాల్, గొంజాలెస్, గిమెనో, ఎమర్సన్, స్టోల్ అను ఆరుగురితో ఒడంబడికలు కుదిరెను. 1968లో బిల్లీ జీన్ కింగ్, రోజీ కాసల్స్, ఆన్ జోన్స్, ఫ్రాన్స్వాజ్ డ్యూర్ అను నలుగురు స్త్రీలును చేరిరి. ఇంత మొత్తమునకు హామీ యని కాగితముపై వ్రాసి సంతకము చేయుట బీమావానికి నిత్యకృత్యమే గదా! ఆ అలవాటునే ఆయన టెన్నిసునకు తెచ్చెను. ఆటగాని దేహబలము పది పదునైదేండ్ల పంట. దానికి ముందుగా లెక్క కట్టుట నేరమెట్లగును?

మన కైవార తాతయ్య గాజుల వర్తకుడు, తత్త్వములు పాడెను. ఆయన తత్త్వములను అమ్మలేదుగదా యని ఎవరైన మమ్ము అడుగవచ్చును. నిజమే. కాని ఆయనకు అమ్ముటకు గాజులైన ఉండెను. పసితనమునుండి రాకెట్టు తప్ప మరియొకటి పట్టనివానికి ఏమున్నది?

అయితే రెండవ ప్రక్కయు కలదు. మదరాసు రామనాథన్ కృష్ణన్‌ను వృత్తి ఆటగాండ్రలో చేరుమని జాక్ క్రామర్ పిలువగా, ఆయన నిరాకరించెను. మెక్కాల్ జట్టును ఓడించిన ఆ బ్రెజిల్‌నే 1966లో కలకత్తాలో భారతదేశము ఓడించెను. నిర్ణాయకమైన చివరి ఆటలో ఓటమి అంచునుండి తేరుకొని గెలిచినవాడు కృష్ణన్. ఏ ఒడంబడికతోను కొనజాలని దినమది. కృష్ణన్ సొమ్ము వలదని బయట చెప్పెను, లేవర్ వలయునని బయట చెప్పెను. వీరిరువురిలో ఎవరిని తప్పుపట్టుటకును మాకు మనసొప్పదు. మాకు కష్టము కలిగించునది నడుమనున్న చాటుచేయి.

1968లో తలుపులు తెరచుకొనెను. బోర్న్‌మత్‌లో జరిగిన మొదటి బహిరంగ పోటీలో రోజ్‌వాల్ విజేత, వింబుల్డన్‌లో లేవర్. ఆ యేడే అమెరికా బహిరంగ పోటీని ఆర్థర్ యాష్ గెలిచెను. మెక్కాల్ జట్టున ఆడిన ఆయన ఇంకను వేతనము లేని ఆటగాడే యగుటచే, పదునాలుగు వేల డాలర్ల బహుమతి ఓడిన టామ్ ఆకర్‌కు పోయెను! పాత నియమమును గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

కాగితముపై వ్రాసినంతమాత్రమున న్యాయము పూర్తియగునా యన్నచో, కాదు. 1968 వింబుల్డన్‌లో లేవర్‌కు 2,000 పౌనులు, స్త్రీలలో గెలిచిన బిల్లీ జీన్ కింగ్‌కు 750. మెక్కాల్ లీగును 1970 నాటికి ముగిసినది. ఆటగాండ్ర ఒడంబడికలు లామార్ హంట్ సంస్థకు చేరెను. ఊరివారి ప్రమాదములకెల్ల లెక్క కట్టు వృత్తివాడు తన లీగునకు బీమా చేసికొనలేకపోయెను. 1974లో వరల్డ్ టీమ్ టెన్నిస్ ప్రారంభమైనపుడు ఆయనయే దాని కమిషనరు. అందు ఒక్కొక్క జట్టులో పురుషులును స్త్రీలును కలిసి ఆడిరి. ఎవరు గెలిచిన ఆటయైనను జట్టు లెక్కలో ఒకటిగనే పడెను.