తాతల మాట దిద్దవచ్చునా?



అమెరికా దేశపు తూర్పు తీరమున, మసాచుసెట్సు రాష్ట్రములో ప్లిమతు అను ఊరు కలదు. ఆ ఊరి మిట్టమీద పాత సమాధుల తోట యున్నది. అందులో జాన్ హౌలండు అను నొకని పేర ఒక రాయి నిలిచియున్నది. ఒకప్పుడు అక్కడ వేరొక రాయి ఉండెడిది. 19వ శతాబ్దములో ఆయన వంశములో పుట్టిన ఒక పెద్దమనిషి దానిని భక్తితో నిలిపెను. హౌలండు గవర్నరు కార్వరుగారి కుమార్తెను పెండ్లాడెనని దానిమీద చెక్కించెను. ఇప్పుడున్న రాతిమీద ఆ మాట లేదు. జాన్ టిల్లీ కుమార్తెయైన ఎలిజబెత్తును పెండ్లాడెనని యున్నది.

ఒక రాయి పోయి ఇంకొక రాయి వచ్చెను, మామగారి పేరు మారెను. ఇంతేగదా, ఎక్కడనో జరిగిన దానితో మనకేమి పని అని మీరడుగవచ్చును. మేమును మొదట అట్లే అనుకొంటిమి. ఆలోచించిన కొలది ఇందులో మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న యొకటి కనబడినది. తండ్రి నోట కుమారుడు, కుమారుని నోట మనుమడు విని నమ్మిన మాట తప్పని తెలిసినప్పుడు దానిని దిద్దుట పెద్దలను అవమానపరచుట యగునా? తలిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞయు, అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞయు ఆ పది ఆజ్ఞలలోనివే. ఆ రెండును ఒకదాని కొకటి ఎదురుపడినట్లు తోచినచోట ఏమి చేయవలెను?

ముందుగా జరిగిన సంగతి చెప్పెదము.

1620వ సంవత్సరములో మేఫ్లవరు అను ఓడ 102 మంది ప్రయాణికులతో ఇంగ్లండు నుండి అమెరికాకు పోయెను. తమ మనస్సాక్షి చొప్పున దేవుని ఆరాధింపగోరిన వారు కొందరు, బ్రదుకు తెరువు వెదకుకొనుచు పోయినవారు కొందరు అందులో ఉండిరి. జాన్ కార్వరు వారికి మొదటి గవర్నరు. హౌలండు ఆయన యింటి పనివాడు. నడి సముద్రమున తుపాను రేగినప్పుడు ఈ పడుచువాడు ఓడమీదికి వచ్చి, ఒక్క ఊపున నీళ్లలో పడిపోయెను. ఓడ నుండి నీటిలోనికి వ్రేలాడుచున్న త్రాడొకటి చేతికి దొరికినది. నీట మునిగియు దానిని విడువలేదు. పైవారు లాగి రక్షించిరి. ఆ త్రాడు చేతికి అందకపోయినయెడల వేలాది కుటుంబములు ఈ లోకములో ఉండెడివి కావు. అమెరికా అధ్యక్షులలో ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు, బుష్ తండ్రీకొడుకులు ఆ పనివాని సంతతివారే.

అదే ఓడలో జాన్ టిల్లీయు, ఆయన భార్యయు, పదమూడేండ్ల కుమార్తె ఎలిజబెత్తును ఉండిరి. ఒడ్డు చేరిన తొలి చలికాలముననే వచ్చినవారిలో ఇంచుమించు సగము మంది రోగముల పాలై చనిపోయిరి. టిల్లీ పోయెను, భార్య పోయెను. తోడ వచ్చిన ఎడ్వర్డు టిల్లీయు, అతని భార్యయు కూడ పోయిరి. పిల్ల మిగిలెను. 1621 వసంతములో కార్వరు చనిపోయెను, కొన్ని వారములకే ఆయన భార్యయు చనిపోయెను. తరువాత కొన్ని యేండ్లకు పనివాడైన హౌలండును, దిక్కులేని ఎలిజబెత్తును పెండ్లి చేసికొనిరి. వారికి పదిమంది పిల్లలు కలిగిరి. హౌలండు ఎనుబదేండ్లు దాటి బ్రతికి 1673లో చనిపోయెను. ఆమె 1687 వరకు ఉండెను.

ఇక తప్పు ఎట్లు పుట్టెను? హౌలండు కార్వరుగారి యింట నుండెననుట నిజము. ఆ యింటితో నున్న సంబంధము చెప్పుకొనగా చెప్పుకొనగా రక్తసంబంధముగా మారెనని మాకు తోచుచున్నది. ఎలిజబెత్తు కార్వరుగారి కుమార్తె యని కొందరు, మనుమరాలని కొందరు వ్రాసిరి. మొదట ఎవడో అబద్ధమాడెనని అనుకొననక్కరలేదు. పనివాడు, తలిదండ్రులు లేని పిల్ల అను రెండు మాటలకంటె గవర్నరుగారి అల్లుడు అను మాట చెవికి ఇంపుగా నుండెను. ఇంపైన మాటను ఎవరు పరిశోధింతురు?

కార్వరుగారి తరువాత గవర్నరైన విలియం బ్రాడ్‌ఫోర్డు ఆ వలస చరిత్రను తన చేతితో వ్రాసి యుంచెను. దాని చివర ఓడలో వచ్చినవారి పట్టిక యొకటి కలదు. ముప్పదేండ్ల తరువాత వెనుకకు చూచి, ఎవరు చనిపోయిరో, ఎవరు ఎవరిని పెండ్లాడిరో, ఎందరు పిల్లలు కలరో ఇంటింటికి లెక్క వ్రాసెను. హౌలండు భార్య జాన్ టిల్లీ కుమార్తె ఎలిజబెత్తు అని అందులో స్పష్టముగా నున్నది. అప్పటికి భార్యాభర్తలిద్దరు సజీవులై యుండిరి, వ్రాసినవాడు వారిని ప్రతిదినము ఎరిగినవాడు. ఇంతకంటె మంచి సాక్షి దొరకుట కష్టము. అయితే ఆ వ్రాతప్రతి బోస్టను నగరములోని ఒక దేవాలయపు గ్రంథాలయములో ఉండి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున కనబడకపోయెను. ఎన్నో యేండ్లకు 1855లో లండను బిషపుగారి ఫుల్హాము గ్రంథాలయములో అది ఉన్నదని గుర్తించిరి. మరుసటి సంవత్సరము అచ్చు వేసిరి. 1897లో ప్రతిని తిరిగి మసాచుసెట్సుకు ఇచ్చిరి. తరువాత ఇంగ్లండులో హెన్లో అను పల్లెటూరి దేవాలయపు రిజిష్టరులో, జాన్ టిల్లీ కుమార్తె ఎలిజబెత్తుకు 1607 ఆగస్టు 30న బాప్తిస్మమిచ్చినట్లు వ్రాత దొరకెను.

కాబట్టి మొదటి రాయి నిలిపిన పెద్దమనిషిని మేము నిందింపము. ఆయన చేతికి ఆ గ్రంథము రాలేదు. విన్నది వ్రాయించెను. అయితే 1856 తరువాత, గ్రంథము అచ్చయి ఎదుట నున్నప్పుడు కూడ పాతమాటనే పట్టుకొని వ్రాసినవారి సంగతి వేరు. తెలియక చెప్పిన మాట పొరపాటు. తెలిసియు విడువని మాటకు పొరపాటను పేరు చాలదు.

ఇక్కడ ఒకరు ఇట్లు వాదింపవచ్చును: “ఈ తప్పువలన ఎవరికి నష్టము? కార్వరుగారు మంచివాడు. ఆయన కుమార్తె యనుటవలన ఎలిజబెత్తమ్మకు గౌరవమే గాని అవమానము లేదు. చచ్చి మూడువందల యేండ్లు దాటినవారిని గూర్చి ఇంత రచ్చ యెందుకు?” ఈ మాటలో కొంత బలము లేకపోలేదు. ముసలితనములో ఉన్న తాతగారు మనుమల నెదుట చెప్పుకొనెడు ఒక గొప్పను, కాగితము చూపి పెరికివేయుట దయగల పని కాదు. మేము దానిని మెచ్చము.

కాని నష్టపోయినవారు లేరని అనుట సరికాదు. జాన్ టిల్లీయు, ఆయన భార్యయు నష్టపోయిరి. వారు ఆ దేశములో ఒక్క చలికాలమైనను పూర్తిగా గడపలేదు. ఇల్లు కట్టలేదు, పొలము దున్నలేదు. ఆ నేలమీద వారు విడిచిన దొక్కటే, ఆ పిల్ల. ఆ పిల్లను గవర్నరుగారి ఖాతాలో వ్రాసినప్పుడు, చనిపోయిన ఆ బీదవారిని రెండవసారి పాతిపెట్టినట్లాయెను. ఒక తాతకు లేని ఘనత కల్పించుట కొరకు నిజమైన తాతను త్రోసివేసిరి. తలిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞను ఈ చోటనే మీరినట్లు మాకు కనబడుచున్నది. రెండు ఆజ్ఞలు ఎదురుపడినవని మొదట అంటిమి. తరచి చూడగా ఎదురుపడినది ఆజ్ఞలు కావు. ఒకవైపు నిజమైన తలిదండ్రులు, ఒకవైపు మన డంబము.

ఇటువంటిదే పరిశుద్ధ గ్రంథములో ఎజ్రా 2వ అధ్యాయములో కలదు. చెర నుండి తిరిగి వచ్చిన యాజకులలో బర్జిల్లయి వంశస్థులని పిలువబడిన వారుండిరి. వారి మూలపురుషుడు గిలాదువాడైన బర్జిల్లయి కుమార్తెలలో నొకతెను పెండ్లాడి ఆ మామగారి పేరే పెట్టుకొనెను. ఆ బర్జిల్లయి దావీదు రాజును పోషించిన ధనవంతుడు. గొప్ప మామగారి పేరు చాటున సొంత తండ్రి పేరు మరుగుపడెను. వంశావళిలో వెదకినప్పుడు వారి పేరు దొరకలేదు. అధికారి వారిని అబద్ధికులని తరిమివేయలేదు, పోనిమ్మని ఒప్పుకొనను లేదు. తేలువరకు ఆగుడని చెప్పెను. ఆ ‘ఆగుడి’ అను మాట మాకు చాల నచ్చినది. ఋజువు లేనిచోట ఖాళీ విడిచిపెట్టుటకు ధైర్యము కావలెను.

వంశవృక్షములలో తప్పులు ఎన్ని దారుల వచ్చునో చూచినయెడల ఆశ్చర్యము కలుగును. ఆ కాలమున ఇంగ్లండులోను దాని వలసలలోను సంవత్సరము జనవరి 1న కాక మార్చి 25న మొదలగుచుండెను. 1752లోనే మార్చిరి. ఒకతెకు 1650 ఏప్రిలులో పెండ్లి ఆయెననుకొనుడి. ఆమె బిడ్డ 1650 ఫిబ్రవరిలో పుట్టెనని రిజిష్టరులో నున్నది. ఈ లెక్క తెలియనివాడు చూచి ఏమనును? పెండ్లికి ముందే బిడ్డ పుట్టెనని వ్రాయును. నిజమునకు ఆ ఫిబ్రవరి పెండ్లియైన పది నెలలకు వచ్చినది. మన లెక్కలో అది 1651. ఒక సాధ్వి పేరుమీద మచ్చ పడుటకు పంచాంగము తెలియకపోవుటే చాలును. చనిపోయినవారు లేచి జవాబు చెప్పుకొనలేరు గనుక, వారిని గూర్చి వ్రాయువాడు రెండింతలు జాగ్రత్తగా నుండవలెను.

పేర్లతోను ఇట్టి చిక్కే. ఒకే ఊరిలో ఒకే పేరుగలవారు ఇద్దరున్నయెడల రిజిష్టరులో పెద్దవాడు, చిన్నవాడు అని గుర్తు వేసెడివారు. తరువాతి వారు దానిని తండ్రీకొడుకులని చదివిరి. మన పల్లెలలో పెద్ద సామేలు, చిన్న సామేలు అందుము. చిన్న సామేలు పెద్ద సామేలుకు కొడుకే కావలెనని మనమెవరమును అనుకొనము. వారి భాషలో అల్లునికిని సవతి కొడుకునకును ఆ దినములలో ఒకే మాట వాడిరి. బావ, మరిది, మేనల్లుడు అని వేరు వేరుగా చెప్పుకొను మనకు ఇది వింతగా నుండును గాని, అక్కడ దీనివలన ఇండ్లు తారుమారైనవి.

ఇవన్నియు తెలియక చేసినవి. తెలిసి చేసినవాడు ఒకడు కలడు. గుస్తావ్ ఆంజూ అనువాడు, 1863లో స్వీడనులో పుట్టి, పేరు మార్చుకొని అమెరికా చేరెను. ధనికులైన అమెరికా కుటుంబములకు వేల డాలర్లు పుచ్చుకొని వంశావళులు వ్రాసి ఇచ్చెను. అతని ఉపాయము గమనింపదగినది. నూటికి తొంబదివంతులు నిజమైన వీలునామాలు, నిజమైన రిజిష్టరులు చూపించును. వలసవచ్చిన తాతను ఇంగ్లండు ప్రభువుల వంశముతో కలిపెడు ఆ ఒక్క లంకె మాత్రము తాను కల్పించును. అంత నిజము నడుమ చిన్న అబద్ధమును ఎవరు పట్టుకొందురు? అతడు 1942లో చనిపోయెను. అతని వ్రాతలు గ్రంథాలయములలో ఉండిపోయి, తెలియనివారు వాటినుండి ఎత్తి వ్రాసికొనుచు వచ్చిరి. అతనిని మోసగాడనుట సులభము. కాని కొన్నవారు లేక అమ్మువాడు లేడు. వారికి కావలసినది తాత కాదు, ప్రభువు.

మత్తయి సువార్త మొదటి అధ్యాయము వ్రాసినవానికి కూడ ఈ శోధన కలిగియుండవచ్చును. తామారును, రాహాబును, ఊరియా భార్యను విడిచిపెట్టి వ్రాసినయెడల అడుగువారెవరు? అతడు విడువలేదు. ఆదివారమున ఆ పేర్లు చదువునప్పుడు మనము త్వరగా దాటిపోవుదుము.

మేఫ్లవరు ఓడవారి సంతతివారు 1897లో ఒక సంఘముగా ఏర్పడిరి. అందు చేరగోరువాడు తరము తరమునకు జననమో, వివాహమో, మరణమో ఋజువు చూపవలెను. తాతగారు చెప్పిరి అన్నయెడల చాలదు. ఒకప్పుడు ఒప్పుకొన్న కొన్ని శాఖలు తప్పని తేలినప్పుడు వాటిని మూసివేసిరి కూడ. ఇది కఠినముగా తోచవచ్చును. అయితే ఆ పద్ధతిచేతనే అనేకులకు తమ నిజమైన అవ్వలు దొరకిరి.

ఎలిజబెత్తు తల్లి సంగతియే చూడుడి. బ్రాడ్‌ఫోర్డు తన పట్టికలో జాన్ టిల్లీ, ఆయన భార్య అని మాత్రము వ్రాసెను. ఆమె పేరు వ్రాయలేదు. తరువాత హెన్లో రిజిష్టరును ఓపికతో చదివినవారికి 1596 సెప్టెంబరు నాటి వివాహపు పంక్తి యొకటి దొరకెను. ఆమె పేరు జోన్ హర్స్టు. తొలి భర్త పోగా జాన్ టిల్లీని పెండ్లాడిన విధవరాలు. ప్లిమతు మిట్టమీది రాతిపై జాన్ టిల్లీ పేరున్నది. జోన్ పేరు లేదు.