చిన్న మాటయందలి సత్యము

స్వచ్ఛంద రచయితలు పెంపొందించు ఆంగ్ల వికీపీడియా మొదటి పుటలో 2004వ సంవత్సరమునుండి "మీకు తెలుసా" అను శీర్షిక వెలువడుచున్నది. క్రొత్తగా వ్రాసిన, లేదా విస్తరించిన వ్యాసములనుండి ఏరిన వింత విషయములు అందు ఒక్కొక్క వాక్యముగా నుండును. వాక్యము 200 అక్షరములకు మించరాదు. ప్రతిపాదించినవాడే దాని నామోదింపరాదు. వేరొక సంపాదకుడు మూలమును తెరచి, ఆ మాట అందున్నదా యని చూడవలెను.

ఇంత చిన్న మాటకు ఇంత శ్రమ యేల? పెద్ద గ్రంథమును చదువువాడు ఆలోచించుచు చదువును. వింతమాటను విన్నవాడు ఆనందించి వెంటనే మరియొకనికి చెప్పును. కావున చిన్న అసత్యమే దూరము పోవును. మూలమున "తొలివారిలో నొకడు" అని యుండగా "తొలివాడు" అని వ్రాసినచో వాక్యమునకు అందము హెచ్చును, సత్యము తొలగును.

పరీక్షకుడు ఒక మాట నిజమని తానెరిగియున్నను, చూపిన మూలము అట్లు చెప్పనిచో ఆమోదింపరాదు. ఇది కాఠిన్యము కాదా? నిజమైన మాటయే మరుగున పడవచ్చును గదా! పడవచ్చును. కాని తగిన మూలము దొరికిననాడు అది వెలుగు చూడగలదు. వ్యాపించిన అసత్యమును మరలించుట దుష్కరము. మరియు పరీక్షకుని యెరుక అతనికే ప్రమాణము, పాఠకునికి కాదు. పాఠకుడు స్వయముగా సరిచూచుకొనదగినదే పాఠకునికి ఇయ్యదగినది.

ఈ పనికి వేతనము లేదు. వాక్యమును చదివి సంతోషించువాడు పరీక్షకుని పేరైన నడుగడు. మెచ్చువారు లేనిచోట సైతము తప్పును వెదకి తొలగించువానికే సత్యముపై నిజమైన ప్రీతి కలదు.