ఆర్కిడ్ ఎదురుచూపు

పూలు రాలిపోగానే ఫాలనాప్సిస్ ఆర్కిడ్‌ను కుండీతో సహా చెత్తలో పడేస్తుంటారు చాలామంది. చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఆ మొక్క చావలేదండీ, చల్లని రాత్రుల కోసం చూస్తోంది. పగలూ రాత్రీ 28 డిగ్రీలు దాటిన వేడిలోనే ఉంటే అది ఆకులు వేస్తుందే తప్ప పూలకాడ తీయదు.

హైదరాబాదులో డిసెంబరు చలి మొదలవగానే దాన్ని తూర్పు కిటికీ దగ్గర పెట్టండి. రాత్రిపూట కిటికీ తలుపు ఓరగా తీసి ఉంచండి. ఆకుల నడుమ నీళ్లు నిలవనివ్వకండి, మొవ్వు కుళ్లిపోతుంది. కొన్ని వారాలకు ఆకు మొదట్లోంచి పచ్చని మొన ఒకటి తొంగిచూస్తుంది. కొస నున్నగా, గుండ్రంగా ఉంటే అది వేరు. కాస్త చదునుగా, మొనదేలి ఉంటే మీరు ఎదురుచూస్తున్న పూలకాడ. మొగ్గలు విచ్చడానికి ఇంకో రెండు మూడు నెలలు. అప్పటిదాకా కుండీని అటూ ఇటూ తిప్పకండి, కాడ వెలుగు వైపే సాగుతోంది.