వీధి ధర్మం

రోడ్డు దాటలేక అంచున నిలిచిపోయిన వృద్ధురాలిని చేయి పట్టుకొని దాటించినవానిని మనం దయగలవాడని మెచ్చుకుంటాము. ఆమెను అట్లా నిస్సహాయంగా నిలబెట్టినది ఏమిటని మాత్రం ప్రశ్నించము.

ఈ చిక్కుకు మన నగరాలలో చాలాచోట్ల కనిపించే పరిష్కారం కాలినడక వంతెన. మోకాళ్ళ నొప్పులవారు, నిండు గర్భిణులు, నెత్తిన బుట్ట మోసేవారు ఆ మెట్లెక్కి దిగాలి. సైకిలు మీద వచ్చినవానికి ఆ దారీ లేదు. పాదంతో బ్రేకు నొక్కితే చాలు ఆగగలిగిన వాహనదారునికి మాత్రం ఏ శ్రమా లేదు. ప్రమాదం తెచ్చేది ఒకరు, జాగ్రత్త భారం మోసేది మరొకరు. ఇది ధర్మమేనా?

పాదచారులు మాత్రం నియమాలు పాటిస్తున్నారా అని కొందరి ఆక్షేపణ. అందులో నిజం లేకపోలేదు. అయితే పొరపాటు ఎవరిదైనా ప్రాణం పోయేది సాధారణంగా నడిచేవానిదే. వాహనపు తాకిడి శక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగం 50కి చేరితే ఆ శక్తి దాదాపు 2.8 రెట్లవుతుంది. ఎవరి చేతిలో శక్తి ఎక్కువో వారికే బాధ్యత ఎక్కువ కావడం న్యాయం.

సైకిళ్ళకు నేడు పేరెన్నికగన్న నెదర్లాండ్స్ ఈ పాఠాన్ని సులువుగా నేర్చుకోలేదు. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాలలో మూడువేల మందికి పైగా మరణించగా, వారిలో 400 మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు ఉద్యమించారు. నివాస వీధులలో వాహనమే మనిషి నడకకు లోబడి సాగాలనే నియమం 1976లో చట్టరూపం దాల్చింది.

మన దేశంలోనూ సూత్రానికి కొరత లేదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాల కన్న మనుషుల రాకపోకలకే ప్రాధాన్యమిచ్చింది. అడ్డంకులు లేని కాలిబాట రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది. మిగిలినది ఆచరణ. దూరప్రాంతాలకు సాగే రహదారుల మాట వేరు. బడి, గుడి, అంగడి ఉన్న వీధిలోనైనా, మనిషి దాటేచోట రోడ్డునే కాలిబాట ఎత్తుకు పెంచవచ్చు. అప్పుడు వాహనం తప్పక నెమ్మదిస్తుంది, మనిషి మెట్లెక్కనక్కరలేదు. సైకిళ్ళకు విడిగా బాట ఇచ్చే వెడల్పు లేని వీధిలో అందరి వేగమూ తగ్గించడమే మార్గం.

ఇందుకు వాహనదారుడు కోల్పోయేది కొద్ది నిమిషాలు. ఆ వృద్ధురాలు ఎవరి దయా కోరకుండా, తన నడకతో తాను, ఆవలి అంచుకు చేరుకోగలుగుతుంది. ఆ కొద్ది నిమిషాలను ఇవ్వడానికి మనం సిద్ధమేనా అన్నదే అసలు ప్రశ్న.