ఎవరూ అడగని కుక్కకు నెలనెలా చందా

మన పెండ్లిమర్రి చుట్టుపక్కల చాలా ఇళ్లలో పిల్లలు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, కువైటులోనో ఉద్యోగాలు చేస్తున్నారు. వారిలో కొందరు ఈమధ్య ఒక కొత్త అలవాటు నేర్చుకున్నారు. తాము కంటితో చూడని ఒక కుక్క పేరున నెలనెలా కొంత సొమ్ము ఒక సంస్థకు పంపుతారు. ఆ సంస్థ దానికి తిండి పెట్టి, మందులు ఇప్పించి, అప్పుడప్పుడు దాని ఫోటోను, క్షేమసమాచారాన్ని పంపుతుంది. ఈ సంగతి తెలిసినప్పుడు ఇంట్లో పెద్దలు అనే మాట ఒక్కటే: "మనుషులకే దిక్కు లేదు, కుక్కకు నెలజీతమా?" ప్రియ పాఠకులారా, ఇది నవ్వి వదిలేయదగిన ప్రశ్న కాదు.

ముందుగా ఆ కుక్క ఎలాంటిదో తెలుసుకుందాం. కుక్కను పెంచుకుంటామని ఆశ్రయానికి వచ్చేవారు చాలావరకు చిన్న పిల్లను అడుగుతారు, లేదా జాతికుక్కను అడుగుతారు. లారీ తగిలి నడుము విరిగి వెనుక కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగేదాన్ని, రెండు కళ్లూ పోయినదాన్ని, పళ్లూడిన ముసలిదాన్ని, దెబ్బలు తిని తిని మనిషి చెయ్యెత్తితే చాలు మీదికి దూకేదాన్ని ఎవరూ అడగరు. అటువంటివాటిని చచ్చేదాకా అక్కడే ఉంచి సాకాలి. ఆ ఖర్చును దాతలు తలా కొంచెం పంచుకోవడమే ఈ పద్ధతి. ఇంగ్లండులో 1891లో మొదలై, ఇప్పుడు డాగ్స్ ట్రస్ట్ అనే పేరుతో ఉన్న సంస్థ దీన్ని పెద్దయెత్తున నడుపుతోంది. మన తెలుగునాట జంతువులను చేరదీసే సంస్థలు కొత్తవేమీ కావు. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో బ్లూ క్రాస్‌ను స్థాపించారు. మనకు దగ్గరలోనే, పులివెందుల మీదుగా కదిరి దాటి పోతే వచ్చే పుట్టపర్తిలో, క్లెమెంటీన్ పావ్స్ అనే డచ్ వనిత 2000లో కరుణ సొసైటీని ప్రారంభించారు. ఆవుల కడుపుల్లో పేరుకుపోతున్న ప్లాస్టిక్ సంచుల గురించి 2012లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది ఈ సంస్థే.

ఇక పెద్దల ప్రశ్న. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2418వ పేరాలో దీనిని సూటిగానే తాకింది. జంతువులను అనవసరంగా హింసించడం, చంపడం మానవ గౌరవానికి తగదు. మనుషుల దైన్యాన్ని తీర్చడానికి ముందుగా పోవలసిన డబ్బును వాటిమీద ఖర్చు చేయడమూ తగదు. ఇదీ దాని సారాంశం. పెద్దలకు రెండవ సగం జ్ఞాపకం ఉంటుంది, పిల్లలకు మొదటి సగం. అయితే నాకొక సందేహం. పెండ్లికి ఊరంతా ఫ్లెక్సీలు కట్టినప్పుడు, ఊరేగింపులో గంటసేపు టపాకాయలు కాల్చినప్పుడు "బీదవారు లేరా?" అని ఎవరూ అడగరు. కుక్కకు మూడు వందలు పంపితేనే బీదవారు గుర్తుకు వస్తారు. లూకా సువార్త 16వ అధ్యాయంలో ధనవంతుని వాకిట పడివున్న లాజరును చూడండి. అతని పుండ్లు నాకిన కుక్కలు కూడా ఆ వాకిటి బయటే ఉన్నాయి. లాజరుకు అన్నం అందకపోవడానికి కారణం కుక్కలు కావు, లోపల విందారగిస్తున్నవాడు.

సెమినరీలో తత్వశాస్త్రం చదువుకున్నవారికి ఈ చర్చ పాతదే. జంతువుపట్ల క్రూరత్వం అలవడితే అది మనుషులమీదికీ పాకుతుందన్నది పునీత తోమా అక్వినాసు వాదం. జర్మన్ తత్వవేత్త కాంట్ తన నీతిశాస్త్ర ఉపన్యాసాలలో సరిగ్గా ముసలికుక్క ఉదాహరణే తీసుకున్నాడు. చిరకాలం సేవచేసిన కుక్క పనికిరానిదైపోయినా యజమాని దానిని చచ్చేవరకు పోషించాలంటాడు. కానీ ఎందుకట? అలా చేయనివాడు తనలోని మానవత్వాన్నే మొద్దుబార్చుకుంటాడట. ఇంత గొప్పవారి మాట అయినా నాకు ఇక్కడ ఏదో వెలితిగా తోస్తుంది. కుక్క కేవలం నా దయాగుణానికి సాముగరిడీ అయితే, దాని నొప్పికి దానంతట విలువ లేదన్నమాట. గంజి కుండ కడిగిన నీళ్లు వాకిట కుక్కకు పోసే అవ్వ తన గుణాన్ని సానబెట్టుకుంటున్నానని అనుకోదు. దానికి ఆకలేస్తోందని పోస్తుంది. బాధను అనుభవించగలవా లేవా అన్నదే అసలు ప్రశ్న అని బెంథామ్ 1789లో రాశాడు. ఈ ఒక్క విషయంలో అవ్వ బెంథామ్ పక్షమే.

అయితే బాధ అనుభవించేవి నక్కా, కుందేలూ కూడా. మరి కుక్కకు ప్రత్యేకంగా మనం ఎందుకు బాకీ? అది మనం చేసుకున్న జంతువు కనుక. తోడేలు జాతి నుండి కుక్కను మనిషి మచ్చిక చేసి కనీసం 15,000 ఏళ్లయిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అన్ని వేల ఏళ్లు దానిని మన గడపకు కట్టేసుకుని, మన చేతివైపు చూసేలా తయారుచేసి, ఇప్పుడు "నీ బ్రతుకు నువ్వు బ్రతుకు" అనడం న్యాయమేనా? మన మెట్టపొలాల్లో గొర్రెలమందల వెంట రాత్రంతా మేలుకునే కుక్కను అడగండి. స్వర్గద్వారం దగ్గర ధర్మరాజు తన వెంట నడిచివచ్చిన కుక్కను వదలనన్న కథ మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నమ్మి వచ్చినదాన్ని వదలరాదు అన్నదే అక్కడి వాదం. కనుక నేను దీనిని దానం అనను, బాకీ అంటాను. వేలు పోసి కొన్న జాతికుక్కకు జబ్బుచేస్తే కారులో తెచ్చి రోడ్డు పక్కన దింపిపోయినవాడు ఆ బాకీ ఎగ్గొట్టాడు. నెలనెలా చందా పంపే పిల్లవాడు ముక్కూముఖం తెలియని ఆ మనిషి అప్పును తాను తీరుస్తున్నాడు. ఒకరి అప్పు మరొకరు తీర్చడమన్నది క్రైస్తవులకు వింత విషయం కాకూడదు.

బాకీ అన్నాను గనుక, దానిని ఎవరి సొమ్ముతో తీరుస్తున్నామో కూడా చూడాలి. ఇంట్లో అంట్లు తోమే మనిషికి జీతం పెంచకుండా, అమ్మ బి.పి. మాత్రలు వాయిదా వేసి కుక్కకు పంపితే అది ధర్మం కాదు. సినిమా, హోటలు, కొత్త సెల్‌ఫోను తగ్గించుకుని పంపితే ఎవరి నోటి కూడూ తీసినట్టు కాదు.

కరిచే కుక్క సంగతి వేరుగా చెప్పాలి. పిచ్చికుక్క వ్యాధికి పాశ్చర్ 1885లో మనిషికి తొలి టీకా వేయించినా, మన దేశంలో నేటికీ ఏటా వేలమంది దానితో చనిపోతున్నారు. లక్షణాలు బయటపడ్డాక బ్రతికించడం దాదాపు అసాధ్యం. కాలినడకన బడికి పోయే బీదల పిల్లలకే ఈ ముప్పు ఎక్కువ. 2001లో వచ్చి 2023లో మారిన జంతు జనన నియంత్రణ నియమాలు వీధికుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటనే వదలమన్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు మాత్రం రేబిస్ సోకినవాటిని, మీదపడి కరిచేవాటిని తిరిగి వదలరాదంది. రేబిస్ సోకినది ఎంతోకాలం బ్రతకదు. కరిచే గుణం వచ్చినది పదేళ్లు బ్రతకవచ్చు. దానిని ఎవరూ ఇంటికి తీసుకుపోరు. దానికి కంచె వేసి, మనిషిని పెట్టి, తిండి పెట్టేది ఎవరు? ఇక్కడ చందా కుక్కను ఎంత కాపాడుతుందో, ఆ వీధిలో నడిచే పిల్లవాడినీ అంతే కాపాడుతుంది. "కుక్కా, మనిషా?" అని తగవు పెట్టుకునేవారు దీనిని లెక్కలోకి తీసుకోరు.

చందా కట్టదలచినవారు సంస్థను నాలుగు ప్రశ్నలు అడగడంలో తప్పులేదు. రశీదు ఇస్తారా, ఒకే కుక్క పేరున ఎందరి దగ్గర తీసుకుంటున్నారు, మిగిలిన సొమ్ము ఏంచేస్తారు, దాని పుండ్లు కడిగే పనివానికి జీతం ఎంత. వీలైతే ఒకసారి స్వయంగా వెళ్లి చూడండి. ఫోటోలో వాసన రాదు. తమనూ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఎన్నాళ్లు కట్టగలం? కుక్క ఆయుష్షు పది, పదిహేనేళ్లు. నడుము విరిగిన కుర్రకుక్కను ఎంచుకుంటే అన్నాళ్లూ నిలబడాలి. ఆరు నెలలు కట్టి మానేసేవారితో ఇలాంటి సంస్థలకు చిక్కే. ముసలిదాన్ని ఎంచుకుంటే రెండు మూడేళ్లకే అది చనిపోయిందని ఉత్తరం వస్తుంది. ఆ చందాను ఇంకొక కుక్క పేరుకు మార్చమంటారా అని కూడా అందులోనే అడుగుతారు.