నడుము నొప్పి తపస్సు అవుతుందా?

శరీరాన్ని నొప్పించి సాధించినదానికే విలువ ఎక్కువన్న భావన తెలుగునాట కఠిన వ్రతాలలోనూ కాలినడక యాత్రలలోనూ కనిపిస్తుంది. సన్నని టైర్లు, కిందికి వంపు తిరిగిన హ్యాండిల్ ఉండే రోడ్ సైకిల్‌పై గుంటూరు నుంచి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు వెళ్లదలచినవారికి కూడా ఆ భావనతో ముడిపడిన ప్రశ్నే ఎదురవుతుంది: దారిలో మొదలైన నడుము నొప్పిని ఓర్చుకోవడం తితిక్ష, అనగా శీతోష్ణాలను, సుఖదుఃఖాలను చలించక సహించే గుణం, అనిపించుకుంటుందా?

భగవద్గీత 17వ అధ్యాయం శారీరక తపస్సులో అహింసను చేర్చి, మూర్ఖపు పట్టుదలతో తన్ను తాను పీడించుకొంటూ చేసే తపస్సును తామసమని తోసిపుచ్చింది. పతంజలి యోగసూత్రాలు ఆసనానికి, అంటే శరీరాన్ని నిలిపే భంగిమకు, స్థైర్యంతో పాటు సుఖాన్ని కూడా లక్షణంగా చెప్పి, ప్రయత్నంలోని బిగువు సడలినప్పుడే అది సిద్ధిస్తుందన్నాయి. అమరావతి, భట్టిప్రోలు స్తూపాలను ఈ నేలపై నిలిపిన బౌద్ధంలోనూ ఇదే వివేకం ఉంది: పాదాలు నెత్తురోడేదాకా చంక్రమణం, అంటే అటూ ఇటూ నడుస్తూ చేసే సాధన, సాగించిన సోణుడనే భిక్షువుకు బుద్ధుడు వీణ తీగను చూపి, మరీ బిగించినా, మరీ వదిలినా స్వరం పలకదని బోధించినట్టు పాళీ గ్రంథాలు చెబుతాయి.

ఈ సూత్రం సైకిల్‌కు అక్షరాలా వర్తిస్తుంది. సీటు ఎత్తు ఎక్కువైతే పెడల్ అందక తుంటి ప్రతి తొక్కుడుకూ అటూ ఇటూ ఊగి నడుము కండరాలు అలసిపోతాయి. హ్యాండిల్ దూరమైతే వెన్ను గూనిలా వంగిపోతుంది. పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటును సరిచేసి, వెన్నును వంచక తుంటి దగ్గర వంగి, మోచేతులను సడలించి, దూరాన్ని వారాల తరబడి క్రమంగా పెంచుకోవాలి. ఎత్తుపల్లాలు తక్కువైన ఈ నల్లరేగడి మైదానంలో గంటలకొద్దీ ఒకే భంగిమ కొనసాగుతుంది కనుక, అప్పుడప్పుడు సీటు మీద నుంచి లేచి తొక్కడం, చేతుల పట్టు మార్చడం అవసరం. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి పట్టినా వైద్యుణ్ణి చూడాలి.

అదే రహదారికి అటూ ఇటూ ఉన్న చేలలో మిరపకాయలు కోసే స్త్రీలు పొద్దస్తమానం వంగే ఉంటారు. వారి నడుము నొప్పి కూలి కోసం తప్పనిసరై భరించేది. తితిక్ష తప్పించుకోలేని బాధకు చెందిన గుణమే గాని, ఒక బోల్టు సడలించి సీటు దించితే పోయే బాధకు చెందినది కాదు. నొప్పిని తొలగించుకొనే స్వేచ్ఛ ఉన్నవాడు దానికే తపస్సని పేరు పెడితే, తన శరీరానికి హింస చేయడమే కాక, ఆ స్వేచ్ఛ లేనివారి బాధను కూడా చులకన చేసినవాడవుతాడు.