నలుగురిలో నడక, గుప్తంగా దానం

వ్యాధిగ్రస్తుల సహాయార్థం జరిగే నడకలో అందరి ఎదుట పాల్గొనటం ప్రదర్శనాబుద్ధి కాదా అని మనలో కొందరు సందేహిస్తారు. దానం బహిరంగంగా చేసినా మంచిదే, గుప్తంగా పేదలకు అందజేస్తే మరింత మేలని దివ్యఖుర్ఆన్ (2:271) బోధిస్తోంది. కనుక మనం పరిశీలించుకోవలసింది మన సంకల్పాన్నే.

క్యాన్సర్‌తో ఒక కాలు కోల్పోయిన టెర్రీ ఫాక్స్ అనే యువకుడు ఆ వ్యాధిపై పరిశోధనకు విరాళాలు కోరుతూ 1980లో కృత్రిమ కాలితో కెనడాలో 143 రోజులు పరుగెత్తాడు. 1981లో మరణించాడు. ఆ ఏడాది మొదలైన అతని స్మారక పరుగు నేటికీ ఏటా జరుగుతోంది. అందులో పోటీ లేదు, నడిచేవారూ పాల్గొనవచ్చు. అతను ఎవరికీ తెలియకుండా పరుగెత్తి ఉంటే ఈ బాట ఏర్పడేదా?

మంచికి బాట వేసినవారికి, దాన్ని అనుసరించినవారి పుణ్యం ఏమాత్రం తగ్గకుండానే, అంత పుణ్యం లభిస్తుందని దైవప్రవక్త (స) తెలిపారు. అందుకే నలుగురితో కలసి నడుద్దాం. ఎంత ఇచ్చామన్నది మాత్రం అల్లాహ్‌కు, మనకు మధ్యనే ఉండనిద్దాం. ఫోటోలో మన ముఖం కనిపించకపోయినా ఇదే ఉత్సాహంతో నడుస్తామా? మన హృదయాన్నే అడుగుదాం.